ముట్టుకోవచ్చా అయ్యగారూ?



ఈ వారం వాక్య ధ్యానానికి బదులు కొంచెం చరిత్ర రాస్తున్నాను. ఎందుకో మీలో చాలామందికి తెలుసు. మొన్న గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ఆరాధనలో, అయిదవ మాట మీద నేను మాట్లాడుతుండగా మన సంఘ పెద్దలలో ఒకాయన కుర్చీలో నుంచి పక్కకు ఒరిగిపోయాడు. ఎండకు సొమ్మసిల్లాడనుకున్నాం. నీళ్ళు చల్లారు. ఉల్లిపాయ వాసన చూపించారు. అరికాళ్ళు రుద్దారు. సోడా తెమ్మని ఒక పిల్లవాణ్ణి పరుగెత్తించారు. నేను ఆయన తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. ఆయన నోరు తెరిచి రెండు మూడుసార్లు గురక లాంటి శ్వాస తీస్తే, "ఊపిరి ఆడుతోంది, ఫర్వాలేదు" అని అందరికీ ధైర్యం చెప్పాను. ఆ మాట అన్నది నేనే. 108 వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. బండి దిగి వచ్చిన అబ్బాయి ఆయన పక్కన మోకరిస్తూనే అడిగాడు: "ఎవరైనా ఛాతీ నొక్కారా?"

దాదాపు రెండు వందల మందిమి ఉన్నాం. ఒక్కరమూ నోరు తెరవలేదు.

భూస్థాపన అయిన రెండు వారాలకు మన యువజనులు వచ్చి, మందిరంలో సీపీఆర్ నేర్పిద్దామన్నారు. మంచిదే అన్నాను. ఆదివారం ఆ ప్రకటన చదివాక ఒక పెద్దమ్మ నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది. "దేవుడు తీసుకుపోవాలనుకున్న మనిషిని మనం పట్టుకుని గుంజొచ్చా అయ్యగారూ? ప్రాణం పోయినాయన్ని అట్లా ముట్టుకోవచ్చా?" వెంటనే నాకు జవాబు దొరకలేదు. "చదివి చెప్తానమ్మా" అన్నాను. ఇది ఆమె కోసం చదివింది. ఆమె మనవరాలు ఫోనులో చదివి వినిపిస్తుందని నాకు తెలుసు.

ముందు వాక్యంలోకి వెళ్దాం. రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో షూనేమీయురాలి కొడుకు పొలంలో తలనొప్పి అని పడిపోయి, మధ్యాహ్నానికి తల్లి ఒడిలోనే చనిపోతాడు. ఎలీషా మొదట గేహజీని పంపుతాడు. గేహజీ ఏం చేశాడో గమనించండి. ప్రవక్త కర్రను పిల్లవాని ముఖం మీద పెట్టి తిరిగి వచ్చేశాడు. శబ్దం లేదు, చలనం లేదు. తర్వాత ఎలీషా తానే వెళ్ళి, తలుపు వేసుకుని, మొదట ప్రార్థన చేశాడు. ప్రార్థన చేసి కూర్చోలేదు. ఆ బిడ్డ మీద పడుకుని నోటి మీద నోరు, కండ్ల మీద కండ్లు, చేతుల మీద చేతులు ఉంచాడు. ఒంటికి వెచ్చదనం వచ్చింది. లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగి మళ్ళీ అలాగే చేశాడు. పిల్లవాడు ఏడుసార్లు తుమ్మి కళ్ళు తెరిచాడు.

వైద్య చరిత్ర రాసేవారు కొందరు దీన్ని నోటితో ఊపిరి ఊదడానికి మొదటి ఉదాహరణగా చూపుతారు. నేను అంతదూరం వెళ్ళను. అది దేవుడు చేసిన అద్భుతం, ప్రథమ చికిత్స కాదు. కానీ ఒక సంగతి మాత్రం నన్ను విడిచిపెట్టడం లేదు. శవాన్ని ముట్టినవాడు ఏడు దినాలు అపవిత్రుడని సంఖ్యాకాండము చెబుతున్న ఆ రోజుల్లో, ప్రవక్త శవానికి దూరంగా నిలబడలేదు. పౌలు కూడా అంతే. త్రోయలో మధ్యరాత్రి దాకా ప్రసంగం సాగితే ఐతుకు అనే యువకుడు కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. (దీర్ఘ ప్రసంగాలు చేసే మా పాస్టర్లకు ఆ అధ్యాయం ఎప్పుడూ గుర్తుండాలి.) పౌలు ప్రసంగం ఆపి, కిందికి దిగివెళ్ళి, అతని మీద పడి కౌగలించుకుని, ప్రాణం ఇంకా అతనిలో ఉందని చెప్పాడు.

ఇక చరిత్ర. పడినవాణ్ణి ముట్టడానికి భయపడింది మనమొక్కరమే కాదు.

250 ఏళ్ళ కిందట హాలండు దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ పట్టణం నిండా కాలువలే. మన కృష్ణా డెల్టాలో ఊరూరికీ కాలువ ఉన్నట్టు అక్కడ వీధి వీధికీ కాలువ. చీకట్లో కాలుజారి పడేవారు, పడవల మీద నుంచి పడేవారు, తాగి పడేవారు. పడినవాణ్ణి చూసినా జనం పైకి లాగడానికి జంకేవారు. అధికారులు వచ్చి చూసేదాకా శవాన్ని కదపకూడదని, కదిపితే తమ మీదికి వస్తుందని నమ్మకం. పైకి లాగినా పూర్తిగా లాగక, కాళ్ళు నీళ్ళలోనే ఉంచి అధికారి కోసం ఎదురు చూసేవారట. ఆత్మహత్య చేసుకున్నవాడేమో అన్న అనుమానం ఒకటి. అలాంటి శవం ఇంట్లోకి వస్తే ఇంటికి అపకీర్తి అన్న భయం ఇంకొకటి. అందుకని సత్రాలవాళ్ళు తలుపు తీసేవారు కారు. కొనఊపిరితో ఉన్నవాడు ఆ గట్టు మీదే చల్లబడిపోయేవాడు.

1767లో అక్కడి పౌరులు కొందరు కలిసి, మునిగినవారిని రక్షించే సంఘం ఒకటి పెట్టారు. ప్రపంచంలో ఇలాంటి సంఘాలకు మొదటిది అదే. దాన్ని ప్రారంభించినవారిలో కార్నెలిస్ వాన్ ఎంగెలెన్ అనే ఆయన మెన్నోనైట్ బోధకుడు. యాకోబ్ డి క్లెర్క్ అనే వర్తకుడు కూడా మెన్నోనైటే. మన మహబూబ్‌నగర్ వైపు సంఘాలవారికి మెన్నోనైట్ అనే మాట కొత్త కాదు. ఆ విశ్వాసపు మనుషులే ఈ పనికి ముందు నడుం కట్టారని చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది.

ఆ సంఘం చేసిన పనిలో తెలివి ఏమిటంటే, వాళ్ళు వైద్యులకు కాదు, జనానికి చెప్పారు. మునిగినవాణ్ణి ఎవరైనా ముట్టవచ్చు, లాగవచ్చు, ఇంట్లోకి తీసుకెళ్ళవచ్చు అన్నారు. ఏం చేయాలో రాసి అచ్చువేసి పంచారు. ఒళ్ళు వెచ్చబరచమన్నారు, తడిబట్టలు తీసేయమన్నారు, నోటిలోకి ఊపిరి ఊదమన్నారు. బతికించినవారికి ఆరు డకట్లు గానీ బంగారు పతకం గానీ బహుమానం. నాలుగేళ్ళలో 150 మందిని బతికించామని ఆ సంఘం ప్రకటించుకుంది.

అన్నీ మంచి సలహాలే ఇచ్చారని చెప్పను. రక్తం తీయమన్నారు. పొగాకు పొగను తిత్తితో వెనుక మార్గం గుండా పొట్టలోకి ఊదమన్నారు! నవ్వొస్తుంది గానీ ఆ కాలపు గొప్ప వైద్యులు దాన్ని గట్టిగా నమ్మారు. లండనులో థేమ్స్ నది ఒడ్డున ఆ పొగ పరికరాల పెట్టెలు పెట్టి ఉంచారు. పొగాకులోని విషం గుండెకే చేటని 1811లో బెంజమిన్ బ్రోడీ చూపించాక ఆ అలవాటు పోయింది. మనం ఉల్లిపాయ వాసన చూపించిన సంగతి తలుచుకుని, వాళ్ళను చూసి మరీ ఎక్కువగా నవ్వకుండా ఉందాం.

లండనులో ఆ పనిని అందుకున్నవారు ఇద్దరు. విలియం హాస్ అనే వైద్యుడు, మునిగినవారిని తన దగ్గరికి తెచ్చినవారికి ఒక సంవత్సరం పాటు సొంత డబ్బులే ఇచ్చాడు. రెండో ఆయన థామస్ కోగన్. ఈయన వైద్యుడు కాకముందు సంఘ కాపరి. ఆమ్‌స్టర్‌డామ్ వారి నివేదికలను 1773లో ఇంగ్లీషులోకి తెచ్చింది ఆయనే. 1774లో ఇద్దరూ తమ మిత్రులను ఒక కాఫీ హోటలులో సమావేశపరచి సంఘం స్థాపించారు. అదే తర్వాత రాయల్ హ్యూమేన్ సొసైటీ అయింది. ప్రయత్నించినవారికి రెండు గినీలు, బతికిస్తే నాలుగు. శవమనుకున్నదాన్ని తన ఇంట్లోకి రానిచ్చిన సత్రం యజమానికి ఒక గినీ. చూశారా, తలుపు తీయించడానికే డబ్బు పెట్టాల్సి వచ్చింది. డబ్బు పెట్టేసరికి మోసగాళ్ళు కూడా తయారయ్యారు. ఒకడు మునిగినట్టు నటిస్తే ఇంకొకడు లాగినట్టు నటించి బహుమానం పంచుకునేవారు. అందుకని పోనుపోను డబ్బు తగ్గించి పతకాలు ఇచ్చారు. ఆ పతకం మీద ఆరిపోయిన దివిటీని ఊదుతున్న పసివాడి బొమ్మ ఉంటుంది. నివురు కింద నిప్పు మిగిలి ఉందేమో అన్నది దాని భావం.

పెద్దమ్మా, నీ ప్రశ్న అప్పుడే అడిగారు. చచ్చినవాణ్ణి లేపడం దేవుని పని కదా, మనుషులకెందుకు అని. దానికి జవాబు చెప్పవలసిన భారం బోధకుల మీదే పడింది. ఆ సొసైటీ కోసం ఏటేటా చర్చిలలో ప్రత్యేక ప్రసంగాలు చేయించి కానుకలు పట్టేవారు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ కూడా 1777 నవంబరులో లూయిషామ్ చర్చిలో ఈ సొసైటీ కోసం ప్రసంగించాడు. మన మెదక్‌లో అంత పెద్ద చర్చి కట్టించిన వెస్లియన్ మిషను ఆయన పేరు మీదిదే. బోధకులు చెప్పిన జవాబు సూటిగా ఉండేది. మృతులను లేపేది ప్రభువే, అందులో సందేహం లేదు. కానీ వీడు ఇంకా మృతుడు కాడు. మృతుడిలా కనిపిస్తున్నాడంతే. ఆగిన ఊపిరికీ వెళ్ళిపోయిన ప్రాణానికీ మధ్య కాస్త వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో నీ చేతులు దేనికి పనికొస్తాయన్నదే ప్రశ్న. ఏటా జరిగే విందులో, అలా బతికి బయటపడినవారిని వరుసగా నడిపించేవారు. భార్యా పిల్లలతో నడిచివస్తున్న మనిషిని కళ్ళారా చూశాక వాదించేవాడు ఎవడు?

ఇంత తెలిశాక జనమంతా నేర్చేసుకుని ఉండాలి. కానీ కథ వెనక్కి తిరిగింది. మనం వదిలే గాలి చెడ్డ గాలి అని, అది ఊదితే ప్రయోజనం లేదని వైద్యులు అనడం మొదలుపెట్టారు. పరాయివాడి నోటికి నోరు తగిలించడం అసహ్యమన్నారు. పుట్టగానే ఏడవని బిడ్డ నోట్లో ఊదడం మంత్రసానులకు తరతరాలుగా తెలిసిన విద్య. దాన్ని నీచమైన పద్ధతిగా తీసిపారేశారు. 19వ శతాబ్దంలో చేతులు పైకెత్తి దించే పద్ధతులు, బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కే పద్ధతులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1891లో జర్మనీలో ఫ్రెడరిక్ మాస్ అనే వైద్యుడు, గుండె ఆగిన రోగుల ఛాతీని వేగంగా నొక్కి బతికించాడు. అది రాసిపెట్టాడు కూడా. ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు డెబ్భై ఏళ్ళు ఆ సంగతి పుస్తకాల్లో పడి ఉంది. ఆ మధ్యకాలంలో ఎవరికైనా గుండె ఆగితే సర్జను ఛాతీ కోసి, లోపల చెయ్యి పెట్టి గుండెను పిసికేవాడు. ఆపరేషను గదిలో పడితే ఆ మాత్రం ఆశ ఉండేది. పొలంలో పడితే ఎవరేం చేయగలరు?

1950లలో అమెరికాలోని బాల్టిమోరు పట్టణంలో ఇదంతా తిరిగి తేరుకుంది. పీటర్ సఫార్ అనే మత్తు వైద్యుడు, తనకు ముందు ఈ పని మొదలుపెట్టిన జేమ్స్ ఈలమ్‌తో కలిసి, మనం వదిలే గాలి చాలునని తేల్చాడు. ఎలా తేల్చాడో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మనుషులు తమంతట తాము ముందుకొచ్చి, కదలకుండా, ఊపిరి తీసుకోకుండా చేసే మందు ఎక్కించుకుని పడుకున్నారు. ఇతరులు వాళ్ళ నోట్లో ఊదారు. వాళ్ళు బతికే ఉన్నారు. తల వెనక్కి వంచి గడ్డం ఎత్తితే గాలి దారి తెరుచుకుంటుందని కూడా ఆయనే స్పష్టం చేశాడు.

అదే ఊరిలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం కౌవెన్‌హోవెన్ అనే డెబ్భై ఏళ్ళు దాటిన ఎలక్ట్రికల్ ఇంజనీరు ఉండేవాడు. ఈయన డాక్టరు కాదు. కరెంటు తీగల మీద పనిచేసే కూలీలు షాకు కొట్టి గుండె ఆగి చనిపోతుంటే, దానికి విరుగుడు వెతకమని కరెంటు కంపెనీలు డబ్బిచ్చిన పని అది. కుక్క ఛాతీ మీద షాకు ఇచ్చే బరువైన పలకలు ఆనించి నొక్కినప్పుడు, షాకు ఇవ్వకముందే రక్తపోటు పెరగడం ఆయన శిష్యుడు గై నికర్‌బోకర్ గమనించాడు. నొక్కితేనే రక్తం కదులుతోంది! జేమ్స్ జూడ్ అనే సర్జనుతో కలిసి ముగ్గురూ 1960 జులైలో 20 మంది రోగుల సంగతి అచ్చువేశారు. అందులో 14 మంది బతికారు. ఎవరైనా, ఎక్కడైనా మొదలుపెట్టవచ్చని, రెండు చేతులుంటే చాలునని వాళ్ళు రాశారు.

సఫార్ గురించి ఇంకొక మాట. ఊపిరి ఆగినవారిని బతికించడం లోకానికి నేర్పిన ఆ మనిషి సొంత కూతురు ఎలిజబెత్, 11 ఏళ్ళ వయసులో, 1966లో ఉబ్బసం తీవ్రమై చనిపోయింది. ఆ తర్వాత ఆయన ఈ పని మానలేదు. ఆసుపత్రికి చేరకముందే మనుషులు ఎందుకు పోతున్నారన్న దాని మీద మరింత పట్టుదలగా పనిచేశాడు. మన సంఘంలో బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు కొందరున్నారు. మీకు ఆయన మనసు నాకంటే బాగా అర్థమవుతుంది.

నేర్చుకోవాలంటే బతికున్న మనిషి ఛాతీ మీద సాధన చేయలేం, పక్కటెముకలు విరుగుతాయి. అందుకోసం నార్వే దేశంలో ఆస్ముండ్ లేర్డల్ అనే బొమ్మల తయారీదారుడు 1960లో మనిషంత బొమ్మ చేశాడు. అంతకు కొన్నేళ్ళ ముందు, రెండేళ్ళ తన కొడుకు నీళ్ళలో మునిగితే బయటికి లాగి బతికించుకున్న తండ్రి ఆయన. ఆ బొమ్మకు మగ ముఖం పెడితే నోరు తగిలించడానికి మగవాళ్ళు వెనకాడతారని ఆడపిల్ల ముఖం పెట్టాడు. ఆ ముఖం పారిస్‌లో సెయిన్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే పేరు తెలియని ఒక అమ్మాయిది. ఆమె ముఖానికి తీసిన అచ్చు అప్పటికే ఎన్నో ఇళ్ళ గోడల మీద అలంకారంగా వేలాడేది. ఎవరూ బతికించలేకపోయిన ఆ పిల్ల ముఖం మీదనే కోట్లమంది బతికించడం నేర్చుకున్నారు.

అయినా వైద్య పెద్దలు వెంటనే సామాన్యుల చేతుల్లో పెట్టలేదు. 1966లో అమెరికాలో జరిగిన సభ, ఇది వైద్య సిబ్బందికే నేర్పమంది. తెలియనివాళ్ళు నొక్కితే హాని చేస్తారని భయం. సామాన్య ప్రజలకు నేర్పాలన్న సిఫారసు 1974కు గానీ రాలేదు. సియాటిల్ అనే పట్టణం మాత్రం ఆగలేదు. 1972లోనే అగ్నిమాపక సిబ్బందితో ఊరిజనానికి నేర్పడం మొదలుపెట్టింది.

ఇప్పుడు షాకు యంత్రం సంగతి. డీఫిబ్రిలేటర్ అంటారు. 1775లో డెన్మార్కు దేశపు పశువైద్యుడు అబిల్‌గార్డ్ ఒక కోడి తలకు కరెంటు పెట్టి పడగొట్టి, మళ్ళీ ఛాతీకి కరెంటు పెట్టి లేపాడు. పలుసార్లు అలా చేశాక ఆ కోడి ఒక రోజంతా తిండి తినలేదట, తర్వాత గుడ్డు పెట్టిందట. మనిషి దగ్గరికి రావడానికి ఇంకో 170 ఏళ్ళు పట్టింది. 1947లో క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జను, ఆపరేషను బల్ల మీద గుండె గతితప్పిన 14 ఏళ్ళ పిల్లవాడికి తెరిచిన ఛాతీలోనే షాకు ఇచ్చి బతికించాడు. 1956లో పాల్ జోల్ ఛాతీ తెరవకుండానే చేశాడు.

ఆ యంత్రాన్ని ఆసుపత్రి గోడలు దాటించింది ఐర్లండులో బెల్‌ఫాస్ట్ వైద్యుడు ఫ్రాంక్ పాంట్రిడ్జ్. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వారి చెరలో బర్మా రైలు మార్గం దగ్గర నరకం చూసి వచ్చినవాడు. గుండెపోటు వచ్చినవారు ఎక్కువమంది ఆసుపత్రికి రాకముందే పోతున్నారని గ్రహించి, రోగిని యంత్రం దగ్గరికి కాదు, యంత్రాన్నే రోగి దగ్గరికి తీసుకెళ్దామన్నాడు. 1965లో కారు బ్యాటరీలతో చేసిన ఆ మొదటి యంత్రం బరువు 70 కిలోలు. తోటి డాక్టర్లు ఎగతాళి చేశారు. ఇప్పుడు అది ఒక చిన్న పెట్టె. ఏఈడీ అంటారు. మూత తెరిస్తే అదే మాట్లాడుతుంది, అట్టలు ఎక్కడ అంటించాలో చెబుతుంది. గుండె లయ చూసి, షాకు అవసరమైతేనే ఇస్తుంది, అవసరం లేకపోతే మీరు మీట నొక్కినా ఇవ్వదు.

సామాన్యుడు దీన్ని వాడగలడా అన్న సందేహాన్ని తీర్చింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది, జూదశాలలు. అమెరికాలో కాసినోల కాపలావాళ్ళకు ఈ పెట్టెలు ఇచ్చి నేర్పారు. 2000లో వచ్చిన లెక్క ప్రకారం గుండె లయతప్పి పడిన 105 మందిలో 53 శాతం ఇంటికి వెళ్ళారు. పడిన మూడు నిమిషాల్లోపు షాకు అందినవారిలోనైతే 74 శాతం. అక్కడ ప్రతి మూలా కెమెరా ఉంటుంది, మనిషి పడగానే కాపలావాడు పరుగెత్తుతాడు. ఆ లెక్క చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాచికలు వేసే చోట పడినవాణ్ణి లేపడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. నా మందిరంలో రెండు వందల మంది నిలబడి ఉల్లిపాయ వెతుకుతున్నారు.

సినిమాల వల్ల రెండు తప్పు ఆలోచనలు మనలో ఉన్నాయి. ఒకటి, గీత సమంగా అయిపోయిన గుండెకు షాకిస్తే లేస్తుందని. కాదు. లయతప్పి వణికే గుండెను సరిచేయడానికే షాకు. రెండోది, నాలుగుసార్లు నొక్కగానే మనిషి లేచి మాట్లాడతాడని. 1996లో అమెరికా టీవీ ధారావాహికలను పరిశీలించినవారు, తెరమీద ముప్పాతిక మంది అక్కడికక్కడే బతుకుతున్నారని లెక్కగట్టారు. నిజానికి సదుపాయాలున్న దేశాల్లో కూడా ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో బతికి ఇంటికి వెళ్ళేది సుమారు పదిమందిలో ఒకరు. కాబట్టి మన పెద్దాయనను నొక్కితే బతికేవాడని నేను అనడం లేదు. ఆయన కుటుంబం ఇది చదువుతుంది. మీలో ఎవరి తప్పూ లేదు. డాక్టరు కూడా చెప్పలేమన్నారు. ఆ గురక లాంటి శ్వాస గురించి మాత్రం అడిగి తెలుసుకున్నాను. అది శ్వాస కాదట. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో వచ్చే ఎగశ్వాసట. నొక్కడం మొదలుపెట్టమని చెప్పే గుర్తే అది. నేను దాన్ని చూసి ఫర్వాలేదన్నాను.

మన దగ్గరి భయాలు ఆమ్‌స్టర్‌డామ్ భయాలకు అన్నదమ్ముల వంటివి. ముట్టుకుంటే పోలీసు కేసు మీద పడుతుందని మొదటిది. రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసినవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో ఉత్తర్వు ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ అనే సెక్షను చేర్చారు. లూకా సువార్త పదవ అధ్యాయాన్ని బట్టే ఇలాంటి చట్టాలను చాలా దేశాల్లో మంచి సమరయుని చట్టాలంటారు. రెండోది, ఆడవాళ్ళ ఛాతీ మీద చెయ్యి ఎలా వేస్తామని. ఇది మన ఊరి సిగ్గు మాత్రమే కాదు. బయట పడిపోయిన స్త్రీలకు మగవారికంటే తక్కువగా సాయం అందుతోందని పాశ్చాత్య దేశాల్లోనూ తేలింది. మన ఇళ్ళలో భార్యలకు, తల్లులకు ముందే చెప్పి ఉంచండి, మీకలా జరిగితే ఎవరు దగ్గరుంటే వారు నొక్కుతారని. మూడోది చెప్పడానికి నాకు బాధగా ఉంది, అంటు. మన తాతలను ముట్టని ఊరు ఇది. ఆ ఊరిలో ఎవరి నోటికి ఎవరు నోరు పెడతారు? నోరు పెట్టనక్కరలేదని 2008లో అమెరికా గుండె వైద్యుల సంఘం చెప్పింది. పెద్దవాళ్ళు హఠాత్తుగా పడిపోతే శిక్షణ లేనివారు చేతులతో నొక్కితే చాలు. మన దేశపు మత్తు వైద్యులు కూడా సామాన్యులకు నొక్కడం ఒక్కటే నేర్పుతున్నారు. కానీ చెయ్యి వేయాలి కదా. అది కూడా తగలకుండా ఎలా?

పిలిస్తే పలకడు, సరిగా ఊపిరి లేదు అంటే ఒకరు 108కి ఫోను చేయాలి, ఒకరు నొక్కడం మొదలుపెట్టాలి. ఛాతీ మధ్యలో అరచేతి మడమ ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకు మనిషి మారాలి, ఎందుకంటే చాలా అలసట వస్తుంది. ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మన ఊరికి 108 రావడానికి ఎంత పడుతుందో మీకు తెలుసు, లెక్క మీరే వేసుకోండి.

పెద్దమ్మకు ఇదంతా క్లుప్తంగా చెప్పాను. ఎలీషా తలుపు వేసుకుని ప్రార్థించిన తర్వాత చేతులు వేశాడమ్మా, దేవుడు తీసుకుపోవాలనుకుంటే మన రెండు చేతులు ఆయన్ను ఆపలేవు అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "నా మోకాళ్ళు కింద కూర్చోనియ్యవు అయ్యగారూ, నేనేం చెయ్యను?" అంది. పైకి లెక్కబెట్టమన్నాను. నొక్కేవాళ్ళు అలసటలో లెక్క తప్పుతారు. "వంద దాకా వచ్చు నాకు" అంది.

వచ్చే శనివారం సాయంత్రం 5 గంటలకు, ఉపవాస ప్రార్థన అయ్యాక మందిరంలోనే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ వస్తానన్నారు. సాధనకు బొమ్మ ఒక్కటే ఉంది కాబట్టి ఇంటికొక గట్టి దిండు తెచ్చుకోండి. యంత్రం ధర కనుక్కోమని యువజనులకు చెప్పాను. ఈ నెల రెండో ఆదివారం కానుక దానికే పక్కన పెడదామని కమిటీ ముందు పెడుతున్నాను. దూరాన ఉన్నవారు పంపదలిస్తే కోశాధికారికి ఫోను చేయండి.